దెయ్యం వేషం పెద్దలకు తగునా?



కొద్ది వారాల కిందట ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత, గుడి ముందర వేపచెట్టు నీడన మా విచారణకు చెందిన ఒక వృద్ధ దంపతులు నన్ను పక్కకు పిలిచారు. ఆయన ముప్పైయేళ్లకు పైగా పల్లెల్లో పాఠాలు చెప్పిన అయ్యవారు. ఆమె కూడా టీచరే. ఇద్దరూ పోయిన సంవత్సరం అమెరికాలో ఉన్న కుమారుడి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు. వచ్చి చాలాకాలమైనా ఒక తగువు మాత్రం ఇంకా తెగలేదట.

"నువ్వు చెప్పబ్బా, మా ఇద్దరిలో ఎవరిది తప్పు?" అని అడిగారు అయ్యవారు.

జరిగినది ఇది. అక్టోబరు 31న అక్కడ హాలోవీన్. ఆ సాయంకాలం పిల్లలు దెయ్యాలుగా, మంత్రగత్తెలుగా, అస్థిపంజరాలుగా వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు. వీరి కుమారుడు ఉండే వీధిలో పెద్దలు కూడా వేషాలు వేస్తారు. కోడలు ముచ్చటపడి అత్తగారికి మంత్రగత్తె టోపీ తెచ్చింది. మామగారికి నల్ల చొక్కా తెచ్చింది. దాని మీద తెల్లగా పక్కటెముకలు, వెన్నెముక అచ్చువేసి ఉన్నాయి. ఆరేళ్ల మనుమడు "తాతా, నువ్వు కూడా వేసుకో" అని కాళ్లు పట్టుకున్నాడు. అమ్మగారు నవ్వుతూ టోపీ పెట్టుకుని మనుమడి వెంట వెళ్లారు. అయ్యవారు ఆ చొక్కాను ముట్టుకోలేదు, గదిలో నుండి బయటకు రాలేదు. ఆ రాత్రి పిల్లవాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

"పసివాడి కోసం ఒక్క గంటసేపు వేసుకుంటే ఏం పోయిందన్నా?" అని ఆమె వాదన.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మా ఊర్లో మన వాళ్ల సమాధుల స్థలం ఎంత? పిడికెడు. మా నాయనకు గుంత తవ్వుతాంటే మా అమ్మ ఎముకలు బయటపడినాయి. ఈ చేతులతోనే ఏరి, తెల్లగుడ్డలో కట్టి, మళ్లా నాయన పక్కనే పెట్టినాను. ఆ ఎముకలను చొక్కా మీద ఏసుకోని నేను నవ్వల్లనా?"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆలోచించి పత్రికలో రాస్తానని చెప్పి తప్పించుకున్నాను. ఆ బాకీ ఈ వారం తీర్చుకుంటున్నాను. ఇది ఒక్క ఇంటి తగువు కాదు. కర్నూలు, కడప ప్రాంతాల విచారణల్లో పిల్లలు అమెరికాలోనో, బెంగళూరు, హైదరాబాదు అపార్టుమెంట్లలోనో ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హాలోవీన్ ఆ అపార్టుమెంట్లకూ, కొన్ని ఇంగ్లీషు మీడియం బడులకూ వచ్చేసింది. నేడో రేపో మన గుమ్మంలోకీ వస్తుంది. వచ్చినప్పుడు పెద్దలమైన మనం ఏం చేయాలి?

ముందుగా ఆ పేరును చూద్దాం. "హాలో" అనే పాత ఇంగ్లీషు మాటకు పునీతుడు అని అర్థం. నవంబరు 1 సకల పునీతుల మహోత్సవానికి ముందటి సాయంకాలం కనుక దానికి హాలోవీన్ అని పేరు వచ్చింది. ఎనిమిదవ శతాబ్దంలో మూడవ గ్రెగోరి పాపుగారు రోములోని పునీత పేతురు దేవాలయంలో సకల పునీతుల పేరిట ఒక ప్రార్థనాలయాన్ని ప్రతిష్ఠించారు. 835 ప్రాంతంలో నాలుగవ గ్రెగోరి పాపుగారి కాలంలో నవంబరు 1 పండుగ ఫ్రాంకుల రాజ్యమంతటా వ్యాపించింది. మరునాడు మృతులందరినీ స్మరించే ఆచారాన్ని 998 ప్రాంతంలో క్లూనీ మఠాధిపతి పునీత ఒడిలో తన మఠాలలో ప్రారంభించారు. అదే మనం జరుపుకునే సమాధుల పండుగ.

ఐర్లండులో అవే రోజుల్లో కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే ఒక పాత పండుగ ఉండేది. దాని ఛాయలు కూడా ఈ సాయంకాలం మీద పడ్డాయి. అక్కడి పేదలు ముల్లంగి జాతి గడ్డలను తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. 1840లలో బంగాళాదుంప పంట నాశనమై కరువు వచ్చినప్పుడు లక్షలమంది ఐరిష్ కథోలికులు ఓడలెక్కి అమెరికా చేరారు. అక్కడ గడ్డలకు బదులు గుమ్మడికాయలు దొరికాయి. కరువుకు ఊరు విడిచిపోవడం అంటే ఏమిటో రాయలసీమ వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. తరువాత వ్యాపారం ప్రవేశించింది. 1955లో పన్నెండవ పయస్ పాపుగారు పండుగల క్రమాన్ని సులభతరం చేసినప్పుడు సకల పునీతుల పండుగకు ముందటి జాగరణ పూజ కూడా తొలగిపోయింది. గుడిలో జాగరణ పోయింది, బజారులో దాని పేరు మాత్రం మిగిలింది.

కాబట్టి ఈ పండుగ పూర్తిగా సైతానుదని కొందరు బోధకులు చెప్పే మాట చరిత్రకు నిలవదు. పూర్తిగా మనదేనని చెప్పినా నిలవదు. ఇప్పుడు అది ఎక్కువగా ఒక ఆట, కొంత వ్యాపారం.

ఇక వేషం సంగతి. వేషం వేయడమే పాపమా? అలా అనుకుంటే మన క్రిస్మసు నాటకాల గతి ఏమిటి? ప్రతి పల్లెలోనూ ఎవరో ఒకరు హేరోదు కావాలి. ముఖానికి మసి పూసుకుని, తోక కట్టుకుని సైతానుగా గంతులు వేసేవాడు ఒకడుండాలి. ఆ వేషం కట్టినవాడు మరుసటి ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తే ఎవరూ తప్పుపట్టరు. ఎందుకంటే ఆ నాటకంలో చివరకు సైతాను ఓడిపోతాడని అందరికీ తెలుసు. మన సీమలో పీర్ల పండుగకు ఒళ్లంతా పసుపు, నలుపు రంగులు పూసుకుని పులివేషం కట్టేవారిని చూస్తూనే పెరిగాం. పగటివేషగాళ్లు ఇంటి ముందుకు వస్తే చేటతో గింజలు పెట్టాం. కూటి కోసం కోటి విద్యలు.

మన విశ్వాసం ఈ నేలకు వచ్చిందే ఒక వేషంతో. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలి గురువు సన్యాసి వేషం ధరించి, తెలుగు, తమిళం, సంస్కృతం నేర్చి క్రీస్తును బోధించారు. తోటి గురువులే ఆయన మీద ఫిర్యాదు చేశారు. జంధ్యం, చందనం అన్యాచారాలన్నారు. విచారించిన తరువాత 1623లో పదిహేనవ గ్రెగోరి పాపుగారు కొన్ని షరతులతో వాటిని అనుమతించారు. ఒక గుర్తును ఆ ప్రజలు దేని కోసం ధరిస్తున్నారు, అది మూఢనమ్మకమా, లోకవ్యవహారమా అని చూసి తీర్పు చెప్పాలన్నది ఆ నిర్ణయంలోని నీతి. పద్దెనిమిదవ శతాబ్దం ఆరంభంలో పుంగనూరు మీదుగా రాయలసీమకు వచ్చిన ఫ్రెంచి యేసుసభ గురువులు కూడా ఆ సన్యాసి వేషంలోనే వచ్చారు.

అయితే ఒక గీత ఉంది. మృతులను పిలిపించి మాట్లాడించడం, సోది అడగడం, మంత్రాలు, చేతబడి, వీటిని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం స్పష్టంగా నిషేధించింది. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా 2116, 2117 అంకెల కింద అదే బోధిస్తుంది. హాలోవీన్ రాత్రి సరదాగానైనా ఆత్మలను పిలిచే ఆట ఆడితే అది వేషం కాదు, ఆజ్ఞాతిక్రమం. అందులో పిల్లలకూ పెద్దలకూ తేడా లేదు. ఆ గీతకు ఇవతల ఉన్న వేషాల గురించే మన ప్రశ్న.

దానికి జవాబు వెదుకుతుంటే నా పాత పాపం ఒకటి గుర్తుకు వచ్చింది. రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. రాస్తున్నాను.

అప్పుడు నాకు పదహారేళ్లు. కుందూ నది ఒడ్డున ఒక పల్లె. శెనక్కాయల కళ్లాలు సాగుతున్న రోజులు. కళ్లం కాపలాకు పోయిన భర్తకు సంగటి తీసుకుని ఒక కొత్త కోడలు చీకటి పడ్డాక చింతతోపు దాటి పోయేది. తోపు పక్కనే శ్మశానం. ఒకనాడు మేము ముగ్గురం తెల్లపంచెలు తలమీదుగా కప్పుకుని, చిల్లులు పెట్టిన కుండలో దీపం పెట్టుకుని చెట్ల వెనుక నిలబడ్డాం. ఆమె కేక వేసి, సంగటి తపేలా పడేసి పరుగెత్తింది. మేము కడుపు పట్టుకుని నవ్వాం. ఐదు నిమిషాలకు పంచెలు మడిచి ఇంటికి పోయాం.

ఆమెకు ఆ రాత్రే జ్వరం తగిలింది. గాలి సోకిందన్నారు. మంత్రగాడిని పిలిపించారు. వేపమండలతో కొట్టి, "నువ్వెవరో పేరు చెప్పు" అని గద్దించాడు. దెబ్బలకు తాళలేక ఆమె, ఆ ఏడే చనిపోయిన ఒక ముసలమ్మ పేరు చెప్పింది. అప్పటి నుండి ఆ ముసలమ్మ ఇంటికి దెయ్యపు ఇల్లని పేరు పడింది. ఆమె కూతురిని చేసుకోవడానికి వచ్చినవాళ్లు వాకిలి దగ్గరి నుండే వెనక్కు తిరిగిపోయారు. మేము ముగ్గురం నోరు విప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు.

చాలాకాలం తరువాత పాపసంకీర్తనంలో ఈ సంగతి చెప్పుకున్నాను. గురువు మూడు జపాలు ఇచ్చి పంపలేదు. ఆ ఇంటికి పోయి నిజం చెప్పి రమ్మన్నారు. పోయాను. అప్పటికే ఆ కోడలిని పుట్టింటికి పంపేశారు. అత్తగారికి అంతా చెప్పాను. ఆమె నా వైపు జాలిగా చూసి, "దెయ్యమే నీ చేత ఇట్లా చెప్పిస్తాంది నాయనా" అంది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. వేషం వేసినవాడు దాన్ని విప్పేసుకుంటాడు. చూసినవాడి మీద అది ఉండిపోతుంది.

పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 8వ అధ్యాయంలో విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి చెప్పింది ఇదే. విగ్రహంలో ఏమీ లేదని నీకు తెలుసు కనుక నీవు తినవచ్చు. కానీ నీవు తినడం చూసి బలహీనుడైన సోదరుడు పడిపోతే, నీ జ్ఞానం వల్ల ప్రయోజనం ఏమిటి? నా వరకు ఇది పాపమా కాదా అన్న దగ్గర క్రైస్తవుడి ప్రశ్న ఆగిపోకూడదు. నా పని ఎవరి మీద పడుతుంది అన్నంత దూరం పోవాలి.

పిల్లవాడు దెయ్యం వేషం వేయడం వేరు. వాడు తన భయాన్నే తొడుక్కుంటాడు, దాన్ని ఆడించి, నవ్వి, విప్పేస్తాడు. పెద్దవాడి వేషం వేరు. పెద్దవాడికి ఎత్తు ఉంది, గొంతు ఉంది, అతని మాటకు ఇంటిలో, వీధిలో విలువ ఉంది. అతను దెయ్యమై నిలబడితే అది ఎదుటివారి భయం మీద పని చేస్తుంది. ఎదుట ఉన్నది ఎవరు? నిన్ననే బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి కావచ్చు. మతి చలించి, దెయ్యం పట్టిందని దెబ్బలు తింటున్న ఆడపిల్ల కావచ్చు. టెక్సాసులో దెయ్యం బొమ్మ ఒక అలంకారం. మన సీమ పల్లెల్లో దెయ్యం అనే మాట నేటికీ ఎందరో ఆడవాళ్ల వీపు మీద కర్రగా దిగుతోంది. జ్వరానికి డాక్టరును, మనోవ్యాధికి మంచి వైద్యుణ్ణి చూపించవలసిన ఇంట్లో అంత్రాలు కట్టిస్తున్నారు.

అంత్రం అనగానే మనల్ని మనం కూడా చూసుకోవాలి. అమెరికా గుమ్మడికాయను చూసి ముక్కు మీద వేలు వేసుకునే మనం మన వీధుల్లోకి ఒకసారి తలెత్తి చూద్దాం. కొత్త ఇంటి ముందు కోరలు, మీసాలు గీసిన బూడిద గుమ్మడికాయ వేలాడుతుంటుంది. కట్టేది కథోలికుల ఇల్లయినా మేస్త్రి అడిగితే దిష్టిబొమ్మ కట్టనిస్తాం. గుమ్మం మీద సిలువ, గోడ మీద రాక్షసుడి ముఖం. అక్కడివారు గుమ్మడికాయలో దీపం పెట్టి నవ్వి మరునాడు పారేస్తారు. మనం మాత్రం నిజంగా నమ్మి, భయపడి, అది కుళ్లితే ఇంకొకటి తెచ్చి కడతాం. ఈ రెండింటిలో విశ్వాసానికి ఏది ఎక్కువ హాని? జ్ఞానస్నాన సమయంలో సైతానును, దాని ఆడంబరాలను విడిచిపెడుతున్నామని మాట ఇచ్చినది పసిబిడ్డ కాదు. బిడ్డ పక్షాన తల్లిదండ్రులూ జ్ఞానతల్లిదండ్రులూ ఇచ్చారు. ఆ మాట హాలోవీన్‌కూ వర్తిస్తుంది, దిష్టిబొమ్మకూ వర్తిస్తుంది.

ప్రభువును కూడా శిష్యులు భూతమనుకున్నారు. రాత్రి సముద్రం మీద నడిచి వస్తున్నప్పుడు ఒకసారి, పునరుత్థానం తరువాత మరొకసారి. ఆ రెండు సందర్భాల్లోనూ ప్రభువు ఏం చేశారు? వారి భయంతో ఒక్క క్షణమైనా ఆడుకోలేదు. భయపడవద్దన్నారు. తన చేతులు, కాళ్లు చూపించారు. తాకి చూడమన్నారు. అప్పటికీ నమ్మలేకపోతే తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేపముక్క వారి ఎదుట తిన్నారు. భయపడినవారికి ముఖం చూపించడం, వారితో కలిసి తినడం ప్రభువు పద్ధతి. పెద్దలకు అదే కొలబద్ద. వేషం వేసినా వేయకపోయినా, చివరకు ఎదుటివారికి మన ముఖం కనిపించాలి. వారు ముందటికన్నా ధైర్యంగా ఇంటికి పోవాలి.

ఈ కొలతతో అమ్మగారి టోపీని చూద్దాం. ఆ వీధిలో అది ఆట అని అందరికీ తెలుసు. మనుమడి చేయి ఆమె చేతిలోనే ఉంది. టోపీ కింద ఉన్నది అవ్వ ముఖమేనని వాడికి తెలుసు. మంత్రగత్తె అంటే లోపల ఏమీ లేని టోపీ అని వాడు ఆ రాత్రి నేర్చుకుని ఉంటాడు. ఆమె చేసిన దానిలో నాకు తప్పు కనబడలేదు. అదే టోపీ ఆమె మన పల్లెలో చీకటి సందులో పెట్టుకుంటే, నేను ఈ మాట అనను.

అయ్యవారు చొక్కా వేసుకోకపోవడం కూడా సరియే. మన ఎముకలు పారేసే వస్తువులు కావు. పునీతుల ఎముకలను శ్రీసభ బలిపీఠాల కింద భద్రపరుస్తుంది. 2024 నవంబరు నుండి 2025 జనవరి వరకు గోవాలో పునీత ఫ్రాన్సిస్ శౌరివారి అవశేషాలను దర్శించడానికి జనం బారులు తీరారు. ఎండిన ఎముకలు నిండిన లోయలో ప్రభువు ఊపిరి పోయడం యెహెజ్కేలు ప్రవక్త చూశాడు. తల్లి ఎముకలను చేతులతో ఏరిన కొడుకుకు ఆ చొక్కా నవ్వు తెప్పించకపోతే, లోకం అతన్ని చాదస్తుడు అనరాదు. దుఃఖం కూడా ఒక జ్ఞానమే.

అయినా అయ్యవారి వద్ద ఒక చిన్న లోపం ఉంది. పెద్దవారు, నన్ను మన్నించాలి. ఆయన కాదన్నారు గానీ, ఎందుకు కాదన్నారో పిల్లవాడికి చెప్పలేదు. చొక్కా తీసివేశారు, దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. ఖాళీ చేతులు చూసి పిల్లవాడు ఏడ్చాడు. మన ఇళ్లలో తరచుగా జరిగేది ఇదే. వద్దు అనడం తెలుసు, బదులు ఇది అనడం తెలియదు. ప్యారిస్ అగ్రమేత్రాసనంలో 2002లో హాలోవీన్‌కు బదులుగా ఒక పండుగ మొదలైంది. అందులో పిల్లలకు పునీతుల వేషాలు వేస్తారు. ఆ పద్ధతి చాలా దేశాలకు వ్యాపించింది. మన విచారణల్లో సత్యోపదేశం తరగతుల పిల్లలతో ఇది చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక పాత చీర, ఒక జపమాల, ఒక కర్ర చాలు. పెద్దలూ వేయవచ్చు. పునీత జోజప్పగారి వేషానికి మన వడ్రంగి సోదరుల కంటే తగినవారెవరు?

అన్నిటికంటే ముఖ్యమైన బదులు నవంబరు 2. మక్కబీయుల రెండవ గ్రంథంలో యూదా యుద్ధంలో పడిపోయినవారి కోసం రెండువేల వెండి నాణేలు పోగుచేసి బలి అర్పించడానికి యెరూషలేముకు పంపాడు. మనకు కావలసినది ఒక కొవ్వొత్తి, ఒక మూర బంతిపూలు. నవంబరు 1 నుండి 8 వరకు సమాధులను దర్శించి ప్రార్థించేవారికి, తగిన సిద్ధపాటుతో ఉంటే, శ్రీసభ ప్రత్యేక ఫలాన్ని అనుగ్రహిస్తుంది. ఆ ఫలం ఉత్తరించు స్థలంలోని ఆత్మలకే చెందుతుంది. ముందు రోజే వెళ్లి కంపచెట్లు కొట్టి, నాపబండలు కడిగి, సున్నం వేద్దాం. పిల్లలను వెంట తీసుకుపోదాం. చీకటి పడేవరకు అక్కడే ఉందాం. బొరుగులు, బెల్లం అక్కడే కూర్చుని పంచుకుందాం. సమాధి పక్కన అవ్వ, తాతలతో కలిసి బొరుగులు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక చింతతోపులో తెల్లపంచె కప్పుకుని నిలబడడు. ఒకవేళ ఎవరైనా నిలబడితే చూసి పరుగెత్తడు.

మొన్న ఈ మాటలే అయ్యవారికి చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "ఇక్కడ పొద్దు గూకే వేళకు వాళ్లకు తెల్లవారుతుంది కదా" అన్నారు. ఈ సమాధుల పండుగకు ఆయన అమ్మానాయనల సమాధి దగ్గర నుండి మనుమడికి వీడియో ఫోను చేస్తారట. ఎముకల కథ మొత్తం చెబుతారట. అమ్మగారు పక్కన కొవ్వొత్తి పట్టుకుంటారట.

"టోపీ పెట్టుకుంటావా?" అని ఆయన ఆమెను అడిగారు. చాలా నెలల తరువాత వాళ్లిద్దరూ ఆ విషయం మీద నవ్వడం అదే మొదటిసారి.